ఎలుకకు రాని జబ్బు: కొలెస్ట్రాల్ పరిశోధనలో జన్యువు మార్చిన చిట్టెలుకలు

"ఎలుకల్లో రక్తనాళాల పూడిక సగానికి తగ్గింది" అన్న వార్త ఏదో ఒక కొత్త మందు పేరుతోనో, వంటింటి దినుసు పేరుతోనో తరచూ కనిపిస్తూనే ఉంటుంది. ఆ ఎలుక ఏ రకమో, ఏం తిన్నదో, పూడికను ఎక్కడ కొలిచారో మాత్రం వార్తలో ఉండదు. విచిత్రం ఏమిటంటే మామూలు ఎలుకకు ఆ జబ్బు దాదాపుగా రాదు. దానికి జబ్బు తెప్పించాలంటే ముందు దాని జన్యువుల్లో చెయ్యి పెట్టాలి.

ఈ మధ్య ఇంకో చర్చ కూడా నడుస్తోంది. కొత్త మందును మనుషుల మీద పరీక్షించే ముందు జంతువుల మీద పరీక్షించి తీరాలన్న షరతును అమెరికా 2022 డిసెంబరులో చట్టం ద్వారా సడలించింది. మన దేశంలోనూ 2023లో క్లినికల్ ట్రయల్స్ నిబంధనలను సవరించి, జంతువులు అక్కర్లేని పద్ధతులకు చోటిచ్చారు. 2025 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కొన్ని రకాల మందులకు జంతు పరీక్షలను క్రమంగా తగ్గిస్తామని ప్రకటించింది. దాంతో "గుండె జబ్బుల పరిశోధనకు అసలు ఎలుకలు పనికొస్తాయా?" అన్న ప్రశ్న మళ్లీ పైకి వచ్చింది. దీనికి ఒక్క మాటలో జవాబు దొరకదు. ల్యాబుల్లో ఉన్నవి డజన్ల రకాల ఎలుకలు. ఒక్కో రకాన్ని ఒక్కో ప్రశ్న అడగడానికి తయారుచేశారు. ఏ ప్రశ్నకు పుట్టిన ఎలుకను ఏ ప్రశ్న అడుగుతున్నాం అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

## ముందు కొన్ని మాటల అర్థం

కొలెస్ట్రాల్ మైనంలాంటి పదార్థం, రక్తంలో కరగదు. అందుకే కాలేయం, పేగులు దాన్ని ప్రోటీను తొడుగున్న చిన్న రేణువుల్లో నింపి పంపుతాయి. వీటిని లిపోప్రోటీన్లు అంటారు. కాలేయం నుంచి బయల్దేరేటప్పుడు ఆ రేణువు వీఎల్‌డీఎల్. దారిలో కండరాలు, కొవ్వు కణాలు అందులోని ట్రైగ్లిజరైడ్లనే కొవ్వును దించుకోగా మిగిలింది అవశేష రేణువు. అది ఇంకా చిక్కితే ఎల్‌డీఎల్. కణాల నుంచి కొలెస్ట్రాల్‌ను తిరిగి మోసుకొచ్చేది హెచ్‌డీఎల్.

రేణువు మీద ఉండే ప్రోటీన్లు పార్సిల్ మీద చిరునామా చీటీల్లా పనిచేస్తాయి. మన విషయానికి ముఖ్యమైనవి రెండు: ఆపో-బి, ఆపో-ఈ. కాలేయ కణాల మీద ఉండే ఎల్‌డీఎల్ రిసెప్టర్ ఆ చీటీని పట్టుకుని రేణువును లోపలికి లాగేస్తుంది. ఇలా రక్తం శుభ్రపడుతుంది. ఈ రిసెప్టర్‌ను కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆపో-బి మోసే రేణువులు రక్తంలో ఎక్కువై, ఎక్కువ కాలం తిరుగుతుంటే కొన్ని ధమని గోడలోకి దూరి అక్కడే చిక్కుకుంటాయి. మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు వాటిని మింగి మింగి కొవ్వు బుడగలతో ఉబ్బిపోతాయి. వాటిని నురుగు కణాలంటారు. పైన కండర కణాలు పీచు పొరను అల్లుతాయి. ఈ మొత్తం గుట్టే పూడిక, డాక్టర్ల మాటలో ప్లాక్. ఆ పీచు పొర చిరిగి, అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే గుండెపోటు వస్తుంది.

ఇక జన్యు మార్పులో రెండు దారులున్నాయి. ఉన్న జన్యువును పనిచేయకుండా చేస్తే అది నాకౌట్ ఎలుక. బయటి జన్యువును, తరచూ మనిషిదాన్ని, చేరిస్తే అది ట్రాన్స్‌జెనిక్ ఎలుక.

## మామూలు చిట్టెలుక ఎందుకు తప్పించుకుంటుంది

మామూలు మేత తినే చిట్టెలుక రక్తంలో మొత్తం కొలెస్ట్రాల్ డెసీలీటరుకు 80 నుంచి 100 మిల్లీగ్రాములు. ఇది తక్కువే, కానీ అసలు తేడా ఆ కొలెస్ట్రాల్ ఎక్కడ ఉందన్నదాంట్లో ఉంది. మనలో అధిక భాగం ఎల్‌డీఎల్‌లో ఉంటే, చిట్టెలుకలో అధిక భాగం హెచ్‌డీఎల్‌లో ఉంటుంది.

కారణాల్లో మొదటిది సీఈటీపీ. హెచ్‌డీఎల్‌లోని కొలెస్ట్రాల్‌ను తీసి వీఎల్‌డీఎల్, ఎల్‌డీఎల్‌లకు అంటగట్టే ఈ ప్రోటీను మనలో ఉంది, చిట్టెలుకలో లేదు. రెండోది ఆపో-బి. మన కాలేయం దాన్ని నిండు పొడవులోనే తయారుచేస్తుంది, దాని పేరు బి-100. చిట్టెలుక కాలేయం మాత్రం పొట్టిదైన బి-48ను కూడా తయారుచేస్తుంది. బి-48 రేణువులను ఆపో-ఈ చీటీ చూసి కాలేయం చకచకా లాగేస్తుంది. మూడోది పైత్య లవణాలు. చిట్టెలుక పైత్య రసంలో మనకు లేని మ్యూరికోలిక్ ఆమ్లాలుంటాయి. వాటివల్ల తిన్న కొలెస్ట్రాల్ పేగులో అంతగా ఇంకదు.

చిట్టెలుకలన్నీ ఒకేలా ఉండవు కూడా. సీ57 బ్లాక్ 6 అనే నల్ల ఎలుకల జాతి కాస్త లొంగుతుంది, సీ3హెచ్ జాతి గట్టిగా తట్టుకుంటుంది. బెవర్లీ పైగెన్ 1980లలో ఈ తేడాలను చూపించడానికి వాడిన మేతలో 15 శాతం కొవ్వు, 1.25 శాతం కొలెస్ట్రాల్, దానికి తోడు 0.5 శాతం కోలిక్ ఆమ్లం (ఒక పైత్య ఆమ్లం) ఉండేవి. ఇంత పెట్టినా, 14 వారాలు దాటాక బృహద్ధమని మొదట్లో చిన్న కొవ్వు చారలే వచ్చాయి. పైగా కోలిక్ ఆమ్లం కాలేయంలో మంట (ఇన్‌ఫ్లమేషన్) పుట్టిస్తుంది. అప్పుడు కనిపిస్తున్నది కొలెస్ట్రాల్ ప్రభావమా, ఆ మంట ప్రభావమా అన్నది తేలదు.

## 1992: చీటీ చించేసిన ఎలుక

మూలకణాల్లో ఒక జన్యువును గురిచూసి చెడగొట్టే పద్ధతి 1980ల చివర్లో స్థిరపడింది. దాన్ని రూపొందించిన కాపెక్కీ, ఎవాన్స్, స్మితీస్‌లకు 2007లో నోబెల్ ఇచ్చారు. పని ఇలా సాగుతుంది. పిండ మూలకణాల్లోకి, చెడగొట్టాల్సిన జన్యువులాగే ఉండి మధ్యలో నియోమైసిన్ నిరోధక జన్యువు ఇరికించిన డీఎన్‌ఏ ముక్కను పంపుతారు. ఏవో కొద్ది కణాల్లో ఆ ముక్క అసలు జన్యువు స్థానంలో కూర్చుంటుంది. మందు పోసి మిగతావాటిని చంపి, బతికినవాటిలో సరైనవి ఏరి, తొలిదశ పిండంలోకి ఎక్కించి తల్లి ఎలుక గర్భంలో పెడతారు. పుట్టిన పిల్లలు కలగలుపు కణాలవి. వాటి సంతానంలో జన్యువు దిగిందో లేదో చూసి తర్వాతి తరాలను పెంచుతారు. ఇప్పుడు జన్యువును నేరుగా కత్తిరించే క్రిస్పర్ పద్ధతి వచ్చాక ఈ దారి చాలా కురచైంది.

1992లో రెండు బృందాలు విడివిడిగా ఆపో-ఈ జన్యువు లేని చిట్టెలుకను తయారుచేశాయి. ఒకటి నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో నొబుయో మయేదా బృందం, రెండోది న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జాన్ బ్రెస్లో బృందం. ఆపో-ఈ పోయేసరికి అవశేష రేణువులను కాలేయం గుర్తుపట్టలేదు. మామూలు మేత మీదే కొలెస్ట్రాల్ 400-600కు చేరింది. కొవ్వు మేత పెడితే వెయ్యి దాటింది. సూదితో తీసిన రక్తాన్ని కాసేపు తిప్పి చూస్తే పైన తేలే ప్లాస్మా గంజిలా తెల్లగా మసకబారి ఉంటుంది.

జబ్బు వయసుతో పాటు మెట్లెక్కుతుంది. మామూలు మేత మీద ఆరు నుంచి ఎనిమిది వారాల వయసుకు తెల్లకణాలు ధమని గోడను అంటుకోవడం మొదలవుతుంది. పది వారాలకు నురుగు కణాల గుట్టలు, పదిహేను నుంచి ఇరవై వారాలకు పీచు పొర కట్టిన పూడికలు కనిపిస్తాయి. మందులూ మేతలూ ఏమీ లేకుండా, మనిషి పూడికను పోలిన పూడిక ఇంత చిన్న ప్రాణిలో కనిపించడం అదే మొదటిసారి.

## 1993: పట్టుకునే చెయ్యి లేని ఎలుక

మరుసటి ఏడాది డల్లాస్‌లో బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌ల ల్యాబు నుంచి ఎల్‌డీఎల్ రిసెప్టర్ లేని ఎలుక వచ్చింది. ఇది మనుషుల్లో ఉన్న ఒక జబ్బుకు నేరుగా నకలు. కుటుంబపరంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్ జబ్బులో చెడిన జన్యువు ఒక తల్లిదండ్రి నుంచే వస్తే, అలాంటివారు సుమారు 250 మందికి ఒకరు. ఇద్దరి నుంచీ వస్తే చాలా అరుదు, కానీ పిల్లల వయసులోనే గుండెపోట్లు వస్తాయి. ఈ ఎలుకకు ఆ రెండో పరిస్థితి ఉన్నట్టు లెక్క.

కానీ మామూలు మేత మీద దాని కొలెస్ట్రాల్ 200-300 దగ్గరే ఆగుతుంది. ఆపో-ఈ చీటీ ఇంకా ఉంది కదా, కాలేయం వేరే రిసెప్టర్లతో అవశేషాలను కొంత లాగుతూనే ఉంటుంది. పూడికలు తొందరగా రావాలంటే కొవ్వు మేత పెట్టాలి. ఆ మేత మీద పన్నెండు వారాలంటే చాలా ల్యాబుల్లో నడిచే లెక్క.

ఈ రెంటిలో ఏది ఎంచుకోవాలన్నది రుచుల సమస్య కాదు. ఆపో-ఈ లేని ఎలుకలో (ఇకపై ఆపో-ఈ ఎలుక) కొలెస్ట్రాల్ ఎక్కువగా వీఎల్‌డీఎల్, అవశేష రేణువుల్లో ఉంటుంది. రిసెప్టర్ లేని ఎలుకలో ఎల్‌డీఎల్ వాటా పెద్దది, కాబట్టి రేణువుల లెక్కలో అది మనకు కాస్త దగ్గర. ఆపో-ఈకి ఇతర పనులూ ఉన్నాయి. మాక్రోఫేజ్‌లు దాన్ని స్వయంగా తయారుచేసుకుని తమలోని కొలెస్ట్రాల్‌ను బయటికి తోయడానికి వాడతాయి. అది లేకపోతే రోగనిరోధక కణాల తీరే మారిపోతుంది. ఎముక మజ్జ మార్పిడి ప్రయోగంలో ఇది పెద్ద చిక్కు తెస్తుంది. ఆపో-ఈ ఎలుకకు మామూలు ఎలుక మజ్జ ఎక్కిస్తే, ఆ మజ్జ నుంచి పుట్టే కొత్త మాక్రోఫేజ్‌లు చేసే కొద్దిపాటి ఆపో-ఈతోనే కొలెస్ట్రాల్ పడిపోతుంది. అందుకే అలాంటి ప్రయోగాలకు రిసెప్టర్ లేని ఎలుకనే వాడతారు.

## ఎలుక తిన్న కొలెస్ట్రాల్ ఎన్ని గుడ్లకు సమానం?

ల్యాబుల్లో "పాశ్చాత్య మేత" అనేదాంట్లో బరువులో 21 శాతం కొవ్వు, అదీ ఎక్కువగా పాల కొవ్వు. కేలరీల్లో లెక్కేస్తే 42 శాతం. కొలెస్ట్రాల్ 0.2 శాతం. ఇది మనిషి తిండితో పోలిస్తే ఎంత?

25 గ్రాముల చిట్టెలుక రోజుకు సుమారు 3 గ్రాముల మేత తింటుంది. అందులో 0.2 శాతం అంటే 6 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్. కిలో బరువుకు 240 మిల్లీగ్రాములు. ఇదే లెక్క 70 కిలోల మనిషికి వేస్తే 16.8 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 190 మిల్లీగ్రాములు ఉంటుందనుకుంటే దాదాపు 90 గుడ్లు! "ఇంత ఎవరు తింటారు, ఇదంతా బూటకం" అనేవాళ్లు చూపించే లెక్క ఇదే.

అయితే చిన్న ప్రాణికి బరువుతో పోలిస్తే ఒంటి ఉపరితలం, జీవక్రియ వేగం చాలా ఎక్కువ. దాని గుండె నిమిషానికి 500-600 సార్లు కొట్టుకుంటుంది. మందుల మోతాదు మార్చేటప్పుడు వాడే సూత్రం ప్రకారం చిట్టెలుకకు కిలోకు ఇచ్చినదాన్ని 12.3తో భాగిస్తే మనిషికి కిలోకు పడేది వస్తుంది. 240ని 12.3తో భాగిస్తే 19.5. డెబ్బై కిలోలకు 1.37 గ్రాములు, అంటే రోజుకు ఏడు గుడ్లు. ఎక్కువే, కానీ ఊహకందనిదేమీ కాదు. పైగెన్ మేతలో కొలెస్ట్రాల్ దీనికి ఆరు రెట్లు. కాబట్టి "కొవ్వు మేత పెట్టాం" అన్న ఒక్క మాట వెనక రెండు వేర్వేరు ప్రయోగాలు దాగి ఉండొచ్చు.

## రెండు జన్యువులు కలిపితే: పెంపకం లెక్క

ఎక్కువ అధ్యయనాల్లో అసలు ప్రశ్న ఇంకో జన్యువు గురించి ఉంటుంది. దాన్ని "క" అందాం. "క" లేకపోతే పూడిక తగ్గుతుందా? దానికి ఆపో-ఈ కూడా, "క" కూడా లేని ఎలుక కావాలి. పోల్చడానికి ఆపో-ఈ మాత్రమే లేని ఎలుక కావాలి, అదీ అదే తల్లి కడుపున పుట్టినది.

రెండు నాకౌట్లను కలిపితే పుట్టే పిల్లలన్నింటిలో రెండు జన్యువులూ ఒక్కో ప్రతి చొప్పున చెడి ఉంటాయి. వాటిని వాటిలో వాటికే జత చేస్తే రెండూ పూర్తిగా లేనివి పదహారింట ఒకటి. గుంపుకు 15 మగ ఎలుకలు కావాలంటే ఆడా మగా కలిపి 30 పుట్టాలి, అందుకు సుమారు 480 పిల్లలు పెంచాలి. తెలిసినవాళ్లు మధ్యలో ఒక మెట్టు చేరుస్తారు. ముందు ఆపో-ఈ నాకౌట్‌తో మళ్లీ కలిపి, ఆపో-ఈ పూర్తిగా లేకుండా "క" ఒక్క ప్రతి ఉన్నవాటిని ఏరతారు. అవి నాలుగింట ఒకటి వస్తాయి. వాటిని జత చేస్తే చివరి తరంలో నాలుగింట ఒకటి "క" లేనిది, నాలుగింట ఒకటి "క" నిండుగా ఉన్నది. అంటే 120 పిల్లలతోనే రెండు గుంపులూ సరిపోతాయి. కాలం మాత్రం పడుతుంది. కాన్పుకు మూడు వారాలు, ఎదగడానికి ఏడు వారాలు, ఇలా రెండు తరాలు. మూడో తరానికి కాన్పుకు మూడు వారాలు, ఎనిమిది వారాల వయసు, ఆపైన పన్నెండు వారాల మేత. మొదటి జత కట్టిన రోజు నుంచి లెక్కేస్తే దాదాపు పది నెలలు. "క" కూడా ఆపో-ఈ ఉండే 7వ క్రోమోజోమ్ మీదే దగ్గర్లో ఉంటే ఈ నిష్పత్తులేవీ చెల్లవు.

ఇందులో తరచూ దొర్లే పొరపాటు జాతి మిశ్రమం. పాత నాకౌట్లను 129 అనే జాతి మూలకణాల్లో చేసి, తర్వాత బ్లాక్ 6 జాతితో కలిపేవారు. పది తరాలు తిరిగి కలిపితే జన్యు సమాచారం 99.9 శాతం దాకా బ్లాక్ 6 అవుతుంది. కానీ చెడగొట్టిన జన్యువుకు అటూ ఇటూ ఉన్న 129 ముక్క మాత్రం అతుక్కునే వస్తుంది. పూడిక తగ్గింది "క" లేకపోవడం వల్లా, పక్కనున్న ఆ ముక్క వల్లా అన్న అనుమానం అలాగే ఉండిపోతుంది.

2014 తర్వాత ఇంకో దారి తెరుచుకుంది. ఎల్‌డీఎల్ రిసెప్టర్‌ను నాశనం చేసే పీసీఎస్‌కే9 ప్రోటీను జన్యువును, దూకుడు రకానికి మార్చి, ఏఏవీ అనే హాని చేయని వైరస్‌లో పెట్టి తోక నరంలోకి ఒక్కసారి ఎక్కిస్తారు. కాలేయం ఆ ప్రోటీనును అదేపనిగా తయారుచేస్తుంటే రిసెప్టర్లు కరిగిపోతాయి. కొవ్వు మేత కూడా తోడైతే, జత కట్టించే పనే లేకుండా "క" నాకౌట్‌లో జబ్బు వచ్చేస్తుంది. చిక్కు ఎక్కడంటే ఈ వైరస్ ఆడ ఎలుకల కాలేయంలోకి మగవాటిలో ఎక్కినంత బాగా ఎక్కదు. రెంటికీ ఒకే మోతాదు ఇచ్చి, కొలెస్ట్రాల్ విడిగా చూసుకోకపోతే ఆడవాటి ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

## పూడికను కొలిచే చోట, కొలత చెడే చోట

బృహద్ధమని అంటే మనకు బొటనవేలంత లావు గొట్టం గుర్తుకొస్తుంది. చిట్టెలుకలో అది సుమారు ఒక మిల్లీమీటరు, బియ్యపు గింజ మందం కూడా ఉండదు. దాన్ని కొలవడానికి ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి.

మొదటిది పరిచి చూడటం. గుండె దగ్గర నుంచి కాళ్ల వైపు చీలే దాకా ధమనిని తీసి, నిలువునా కోసి, నల్ల మైనం మీద వెంట్రుకంత సన్నటి పిన్నులతో పరుస్తారు. సుడాన్-4 గానీ ఆయిల్ రెడ్ ఓ గానీ పోస్తే కొవ్వున్న చోటల్లా ఎర్రబారుతుంది. మొత్తం వైశాల్యంలో ఎరుపు ఎంత శాతమో లెక్కిస్తారు. ఈ పనిలో సగం కష్టం పరచడానికి ముందే ఉంది. ధమని బయట అంటుకుని ఉండే మామూలు కొవ్వును సూక్ష్మదర్శిని కింద సన్నటి పట్టకారతో పోగు పోగుగా తీసేయాలి. ఒక్క పోగు మిగిలినా అదీ రంగు తాగుతుంది, పల్చటి గోడ గుండా ఎర్రగా కనిపించి పూడిక లెక్కలో చేరిపోతుంది. గట్టిగా లాగితే గోడ చిరుగుతుంది. ఇంకో లోటు, ఈ పద్ధతి వైశాల్యమే చూస్తుంది, మందం చూడదు. పల్చగా పరుచుకున్న పూడికా, గుట్టగా లేచిన పూడికా దీనికి ఒకటే.

రెండోది బృహద్ధమని మొదట్లో, కవాటాల దగ్గర అడ్డంగా ముక్కలు కోయడం. గుండె పైభాగాన్ని గడ్డకట్టించే జెల్‌లో నిలబెట్టి, మైనస్ 20 డిగ్రీల దగ్గర 10 మైక్రాన్ల ముక్కలుగా కోస్తారు. కవాటం మూడు రేకులూ కనిపించే చోట నుంచి లెక్క మొదలుపెట్టి, సమాన దూరాల్లో ఎనిమిది, పది ముక్కలు ఎంచి, రంగు వేసి, పూడిక వైశాల్యం కొలుస్తారు. గుండెను జెల్‌లో పెట్టేటప్పుడు ఏ కాస్త వాలినా మూడు రేకులు ఒకే మట్టంలో రావు. ఒకవైపు ధమని, ఇంకోవైపు గుండె కండరం కనిపిస్తుంది. అలాంటి ముక్కను కొలిస్తే పూడిక ఉన్నదానికంటే పెద్దదిగా కనిపించవచ్చు. పారఫిన్‌లో పెట్టి కోస్తే ఇంకో నష్టం ఉంది. ఆ దారిలో వాడే ఆల్కహాలు, జైలీన్ కొవ్వును కడిగేస్తాయి. ఆయిల్ రెడ్ ఓ పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

రక్త పరీక్షలోనూ ఉచ్చులున్నాయి. మన ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను చాలాసార్లు సూత్రంతో లెక్కిస్తారు: మొత్తంలోంచి హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతు తీసేస్తే మిగిలేది ఎల్‌డీఎల్. ఆపో-ఈ ఎలుకలో కొలెస్ట్రాల్ ఎక్కువగా అవశేషాల్లో ఉంటుంది కాబట్టి ఈ సూత్రం అక్కడ అర్థం లేని అంకెనిస్తుంది. రేణువులను పరిమాణం ప్రకారం కాలమ్‌లో విడదీసి చూడాలి. ఉపవాసం సంగతీ అంతే. మనిషికి రాత్రంతా పస్తు మామూలే. రాత్రుళ్లే ఎక్కువగా తినే చిట్టెలుకకు అది కరువు. అందుకే నాలుగు నుంచి ఆరు గంటలే ఉంచుతారు.

## ఎన్ని ఎలుకలు సరిపోతాయి?

ఒకే జాతి, ఒకే మేత, ఒకే గది అయినా పూడిక వైశాల్యం ఎలుక నుంచి ఎలుకకు బాగా మారుతుంది. సగటు మీద 30-40 శాతం అటూ ఇటూ ఉండటం మామూలు. గణాంకాల్లో వాడే ఉజ్జాయింపు సూత్రం ప్రకారం, పట్టుకోవాలనుకున్న తేడాను ఎలుకల మధ్య ఉండే ఈ చెదురుతో భాగిస్తే ఒక నిష్పత్తి వస్తుంది, 16ను దాని వర్గంతో భాగిస్తే గుంపుకు కావలసిన సంఖ్య వస్తుంది. 30 శాతం తగ్గుదలను పట్టుకోవాలి, చెదురూ 30 శాతమే అనుకుంటే నిష్పత్తి 1. గుంపుకు 16 కావాలి. చెదురు 40 శాతమైతే నిష్పత్తి 0.75, దాని వర్గం 0.56. ఇప్పుడు 29 కావాలి. గుంపుకు ఆరు, ఎనిమిది ఎలుకలతో "సగానికి తగ్గింది" అని చెప్పే పత్రాల్లో అదృష్టం పాలు ఎంతో ఉంటుంది. 2017లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ విడుదల చేసిన సూచనల్లో ఆడ, మగ రెంటినీ వాడటం, లాటరీ పద్ధతిలో గుంపులు వేయడం, ఏ ముక్క ఏ గుంపుదో తెలియకుండా కొలవడం లాంటివి చేర్చడానికి కారణం ఇలాంటి అనుభవమే.

ఇంకొకటి కూడా చూడాలి. మందు ఇచ్చిన గుంపులో పూడిక 40 శాతం తగ్గింది, కొలెస్ట్రాల్ కూడా 900 నుంచి 600కు దిగింది అనుకుందాం. అప్పుడు ఆ మందు ధమని గోడలో మంటను తగ్గించిందని చెప్పలేం. కొలెస్ట్రాల్ దిగడమే మొత్తం ఫలితానికి సరిపోవచ్చు.

## ఎలుక దారి చూపిన చోట్లు

జపాన్‌లో కేకే అనే బొద్దు చిట్టెలుకల జాతి ఉంది, రక్తంలో కొవ్వులు సహజంగానే ఎక్కువ. సాంక్యో కంపెనీ ల్యాబులో వాటిలో ఒక శాఖకు మాత్రం ఒళ్లు బొద్దుగా ఉన్నా ట్రైగ్లిజరైడ్లు తక్కువగా కనిపించాయి. ఎందుకని వెతుక్కుంటూ పోతే 2002లో దొరికింది ఏఎన్‌జీపీటీఎల్3 అనే జన్యువులో లోపం. 2010లో ఒక అమెరికన్ కుటుంబంలో ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు మూడూ అతి తక్కువగా ఉండటానికి కారణం వెతికితే అదే జన్యువు బయటపడింది. ఆ ప్రోటీనును అడ్డుకునే ఎవినాకుమాబ్ అనే యాంటీబాడీ 2021లో అమెరికాలో ఆమోదం పొందింది. ఎల్‌డీఎల్ రిసెప్టర్ పనిచేయని రోగుల్లో కూడా ఎల్‌డీఎల్‌ను దాదాపు సగానికి తగ్గిస్తుంది.

పీసీఎస్‌కే9 విషయంలో దారి తిరగబడింది. ముందు మనుషుల్లో, 2003లో ఫ్రెంచి కుటుంబాల్లో ఆ జన్యువు దొరికింది. కానీ అది చేసే పని ఎవరికీ తెలియదు. 2004లో ఆ ప్రోటీనును మామూలు చిట్టెలుకలో ఎక్కువగా తయారయ్యేలా చేస్తే కొలెస్ట్రాల్ పెరిగింది. రిసెప్టర్ లేని ఎలుకలో చేస్తే ఏమీ మారలేదు. ఆ ఒక్క పోలికతో పీసీఎస్‌కే9 పనంతా ఎల్‌డీఎల్ రిసెప్టర్ మీదేనని తేలింది. 2005లో ఆ జన్యువు తీసేసిన ఎలుకలో కొలెస్ట్రాల్ దాదాపు సగమైంది. పదేళ్లకు, 2015లో, దాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు మార్కెట్‌లోకి వచ్చాయి.

మంట సంగతి కూడా చెప్పుకోవాలి. మంటను రగిలించే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ప్రోటీను లేని ఆపో-ఈ ఎలుకల్లో పూడిక తగ్గిందని 2003లోనే కనబడింది. 2017లో పదివేల మందికి పైగా రోగులతో చేసిన కాంటోస్ ట్రయల్‌లో, దాన్ని అడ్డుకునే కనకినుమాబ్ 150 మిల్లీగ్రాముల మోతాదులో ఎల్‌డీఎల్‌ను తగ్గించకుండానే గుండెపోట్లు, పక్షవాతాలు, గుండె-రక్తనాళాల జబ్బు మరణాలను కలిపి 15 శాతం తగ్గించింది. ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు మాత్రం పెరిగాయి. శుభ్రమైన పంజరంలో బతికే ఎలుక ఆ రెండో సంగతిని ముందుగా చెప్పగలిగేది కాదు.

## ఎలుక మాట విని ఉంటే స్టాటిన్ రాకపోయేది

తెలుగులో ర్యాట్‌నూ, మౌస్‌నూ రెంటినీ ఎలుకనే అంటాం. ఇక్కడ మొదటిది ర్యాట్, పెద్ద ఎలుక. అకిరా ఎందో 1973లో సాంక్యోలోనే వేల బూజులను వడపోసి కాంపాక్టిన్‌ను పట్టుకున్నారు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో అదే మొదటిది. పెద్ద ఎలుకలకు ఇస్తే కొలెస్ట్రాల్ తగ్గలేదు. అక్కడితో ఆగిపోయి ఉంటే ఆ మందు బుట్టదాఖలయ్యేది. తర్వాత గుడ్లు పెట్టే కోళ్లకిస్తే తగ్గింది, కుక్కల్లోనూ తగ్గింది. ఎలుకలో ఎల్‌డీఎల్ కొద్దిగానే ఉంటుంది, పైగా మందు అడ్డుకున్న ఎంజైమును దాని కాలేయం రెట్టింపు ఉత్సాహంతో మళ్లీ తయారుచేసుకుంటుంది. 1987లో లోవాస్టాటిన్ వచ్చాక మిగతాదంతా అందరికీ తెలిసిందే. ఆపో-ఈ లేని చిట్టెలుకలోనూ స్టాటిన్లు కొలెస్ట్రాల్‌ను సరిగా తగ్గించవు.

ఆ లోటు పూడ్చడానికి నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఆపో-ఈ3 లైడెన్ అనే మనిషి జన్యువు రకాన్నీ, మనిషి సీఈటీపీనీ చేర్చిన చిట్టెలుకను రూపొందించారు. అది స్టాటిన్లకు మనలాగే స్పందిస్తుంది. సీఈటీపీని అడ్డుకునే మందుల పరీక్షకూ పనికొస్తుంది. మామూలు చిట్టెలుకలో సీఈటీపీయే లేదు, అడ్డుకోవడానికి ఏముంది? ఆ రకం మందుల్లో మొదటిదైన టోర్సెట్రపిబ్ హెచ్‌డీఎల్‌ను 72 శాతం పెంచింది. అయినా 2006 డిసెంబరులో, 15 వేల మంది రోగుల ట్రయల్‌లో మరణాలు పెరగడంతో ఆపేశారు.

అన్నిటికంటే పెద్ద లోటు పూడిక చిరగడం. మనకు గుండెపోటు తెచ్చేది పీచు పొర చిరిగి కట్టే గడ్డ. ఆపో-ఈ చిట్టెలుకకు పూడికలు బృహద్ధమని మొదట్లో, వంపులో, కుడిచేతి వైపు వెళ్లే పెద్ద కొమ్మలో నిండుగా వస్తాయి గానీ అవి చిరిగి గుండెపోటు రావడం చాలా అరుదు. ఆపో-ఈతో పాటు హెచ్‌డీఎల్‌ను పట్టుకునే ఎస్ఆర్-బీ1 రిసెప్టర్ కూడా తీసేస్తే గుండె నాళాలు మూసుకుపోయి, గుండె దెబ్బతిని ఆరు నుంచి ఎనిమిది వారాలకే చనిపోతాయి. అయితే అంత చిన్న వయసులో అంత వేగంగా వచ్చేదాన్ని నలభై ఏళ్లపాటు పేరుకున్న మన జబ్బుతో పోల్చడం కష్టం.

మరో తేడా మందు మొదలుపెట్టే సమయం. చాలా ప్రయోగాల్లో కొవ్వు మేత, మందు ఒకే రోజు మొదలవుతాయి. అంటే పూడిక రాకుండా ఆపగలమా అన్నది పరీక్షిస్తున్నారు. ఆసుపత్రికొచ్చే రోగికి పూడిక అప్పటికే ఉంది. న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ ఫిషర్ బృందం పూడిక నిండిన ధమని ముక్కను ఆపో-ఈ చిట్టెలుక నుంచి తీసి మామూలు చిట్టెలుకలో అతికించింది. చుట్టూ ఉన్న కొలెస్ట్రాల్ పడిపోయేసరికి నురుగు కణాలు రోజుల వ్యవధిలోనే తగ్గడం మొదలైంది. వచ్చిన పూడిక వెనక్కి పోతుందా అన్న ప్రశ్నకు ఈ పద్ధతి నేరుగా సరిపోతుంది.

## రెండు వైపుల వాదన

ఎలుకలు వద్దనేవాళ్లు ఎత్తి చూపేవి బలమైన విషయాలే. ఎలుకల్లో పూడిక తగ్గించిన మందుల్లో మనిషి దాకా వచ్చి నిలిచినవి కొన్నే. వెయ్యి దాటిన కొలెస్ట్రాల్ మనిషిలో చాలా అరుదు. మానవ కణాలతో చిప్ మీద నడిపే రక్తనాళాలు, లక్షల మంది జన్యు సమాచారం ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. పీసీఎస్‌కే9 దొరికింది మనుషుల్లోనే కదా అంటారు.

కావాలనేవాళ్ల వాదన వేరే. మనుషుల జన్యు సమాచారం ఏ జన్యువుకు జబ్బుతో సంబంధం ఉందో చెబుతుంది గానీ, ఆ జన్యువు కాలేయంలో పనిచేస్తుందా, మాక్రోఫేజ్‌లోనా, ధమని గోడలోనా అన్నది చెప్పదు. చిప్ మీద కాలేయం, పేగు, రోగనిరోధక వ్యవస్థ, ప్రవహించే రక్తం కలిసి నెలల తరబడి ఉండవు. పీసీఎస్‌కే9 దొరికింది మనుషుల్లో, పని తేలింది ఎలుకల్లో అన్నది వీళ్లు గుర్తుచేస్తారు. రెండు వాదనల్లోనూ ఎలుకను ఏ పనికి వాడుతున్నారన్నది కీలకం. యంత్రాంగం తెలుసుకోవడానికి ఒక జన్యువును తీసేసి చూడటం దానికి చేతనైన పని. ఏ మందు ఎంతమంది ప్రాణాలు కాపాడుతుందో అంచనా వేయడం చేతకాని పని.

మన దేశంలో ఇలాంటి ఏ ప్రయోగానికైనా సంస్థ స్థాయిలో జంతు నైతిక కమిటీ అనుమతి ఉండాలి. పైన కేంద్ర ప్రభుత్వ కమిటీ సీసీఎస్ఈఏ పర్యవేక్షణ ఉంటుంది. జన్యువు మార్చిన ఎలుకైతే జీవభద్రత కమిటీ కూడా చూడాలి. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ వారి జాతీయ జంతు వనరుల కేంద్రం ఉంది. తార్నాక జాతీయ పోషకాహార సంస్థలో డబ్ల్యూనిన్ ఓబీ అనే పెద్ద ఎలుకల శాఖ ఉంది. దాని జన్యువును ఎవరూ మార్చలేదు. సహజంగా వచ్చిన మార్పుతోనే విపరీతంగా లావెక్కుతుంది, రక్తంలో కొవ్వులూ పెరుగుతాయి.

మనకు, అంటే దక్షిణాసియా వాళ్లకు, ప్రత్యేకంగా పట్టే విషయం ఇంకొకటుంది: లైపోప్రోటీన్-ఎ. ఇది ఎల్‌డీఎల్‌కు ఇంకో ప్రోటీను తోకలా అతుక్కున్న రేణువు. ఎంత ఉంటుందన్నది దాదాపుగా పుట్టుకతోనే తేలిపోతుంది, తిండి మార్చినా పెద్దగా మారదు. చిట్టెలుకకు ఆ జన్యువే లేదు. మనిషి జన్యువును చేర్చినా మొదట్లో అసలు రేణువు తయారవలేదు, ఎందుకంటే మనిషి తోక చిట్టెలుక ఆపో-బికి అతుక్కోదు. మనిషి ఆపో-బి జన్యువును కూడా చేర్చాకే ఆ రెండూ కలిసి, చిట్టెలుక రక్తంలో మనిషి లైపోప్రోటీన్-ఎ తిరగడం మొదలైంది. ఆ ప్రోటీను తయారీని ఆపే మందులు ఇప్పుడు వేలమంది రోగులతో చివరి దశ ట్రయల్స్ దాకా వచ్చాయి. లైపోప్రోటీన్-ఎ తగ్గితే గుండెపోట్లు నిజంగా తగ్గుతాయా అన్నది ఆ రోగుల్లోనే తేలాలి.